గడప మీద సుద్దగీత

ఈ సంగతి రాయాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను, మూడేళ్లుగా తప్పించుకుంటున్నాను. కారణం సిగ్గు. నారాయణఖేడ్ బస్టాండు దగ్గర కుట్టుమిషన్ పెట్టుకుని బతికేవాణ్ణి నేను. బడిలో చదివింది ఏడో తరగతి దాకానే. మిగిలిన చదువంతా మా ఊరి గ్రంథాలయంలో జరిగింది. పేపరు చదవడానికి వెళ్లి, ఒక్కో బీరువా పూర్తి చేస్తూ, ఆరోగ్యం పుస్తకాలున్న చివరి బీరువా దాకా వచ్చాను. బజారులో నన్ను "డాక్టర్ సాబ్" అని వెక్కిరించేవాళ్లు. ఆ వెక్కిరింత నాకు లోలోపల తీయగా ఉండేది. ఆ తీపిలో పడి నా భార్య శోభ ప్రాణంలోంచి ఐదు గంటలు పోగొట్టాను. రక్త క్యాన్సర్‌కు మందు ఎక్కించుకుంటున్న మనిషికి జ్వరం వస్తే ఐదు గంటలంటే ఏమిటో నాకు తెలిసింది. ఇంకెవరూ దాన్ని నాలా అనుభవించి తెలుసుకోకూడదు. అందుకే రాస్తున్నాను.

2011 ఎండాకాలం

శోభ నా పక్కనే కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టేది. ఆ ఎండాకాలం ఆమె చేతుల మీద నీలం మచ్చలు కనిపించాయి. మిషన్ బల్ల తగిలిందనుకున్నాం. తర్వాత పళ్లు తోముకుంటుంటే నెత్తురు వచ్చింది. తర్వాత నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నేను పుస్తకం చూసి రక్తహీనత అని తేల్చాను. నెల రోజులు బెల్లం, నువ్వులు, పాలకూర పెట్టాను.

"నీ పుస్తకం నన్ను మేకను జేసిందయ్యా. ఆకులు తప్ప ఏం పెడ్తలేవ్" అని నవ్వేది.

ఒకరోజు ఆమె ముక్కులోంచి కారిన నెత్తురు, ఎవరి పెళ్లికో కుడుతున్న తెల్ల జాకెట్ ముక్క మీద పడింది. తల వెనక్కి వంచినా, తడిగుడ్డ పెట్టినా గంటసేపు ఆగలేదు. సాయంత్రానికి సంగారెడ్డిలో రక్తపరీక్ష, రెండోరోజు పొద్దున హైదరాబాద్‌లో పెద్ద దవాఖాన. జబ్బు పేరు చెప్పిన డాక్టరు నా వైపు చూడలేదు, శోభ వైపూ చూడలేదు. కాగితం మీద చూపుడువేలు పెట్టి మాట్లాడాడు.

ఆ దవాఖానలో పేరు పిలిచేదాకా కూర్చునే హాలు ఒకటి ఉంది. అక్కడ ఎవరి పేరు పిలిచినా పదిమంది సగం లేస్తారు, తమది కాదని తెలిసి కూర్చుంటారు. లోపల ఎక్కువసేపు ఉండి బయటికి వచ్చినవాళ్ల మొహాల్లోకి ఎవరూ చూడరు. నేను ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒక పేజీ కూడా తిప్పిన గుర్తు లేదు.

మాకు ధైర్యం చెప్పినవాడు నాగప్ప. బీదర్ వైపు నుంచి వచ్చిన రైతు, అరవై ఏళ్ల మనిషి. అదే జబ్బుకు మాకంటే ముందు నుంచి మందు ఎక్కించుకుంటున్నాడు. తల నున్నగా అయిపోయింది. శోభ జడ దువ్వెనతో పాటే ఊడి వచ్చిన రోజు, ఆమె మంచానికి ఎదురు మంచం మీద కూర్చుని ఆమె ఏడుపును కాసేపు చూశాడు.

"నీ సంగతి సరే తంగీ. పాపం, ఇప్పుడు పేలు యాడికి పోవాలె?" అన్నాడు.

శోభ ఏడుస్తూనే నవ్వింది. చెల్లెలిని వాళ్ల వైపు తంగి అంటారు. ఆ రోజు నుంచి ఆమె అతన్ని అన్నా అనే పిలిచింది.

మేం ఇంటికి బయలుదేరే రోజు అతను నా చేయి పట్టుకుని ఒక్క మాట చెప్పాడు. "జ్వరం వస్తే కూర్చోబేడ తమ్మీ." కూర్చోవద్దని. సరే సరే అన్నాను.

వార్డులో మేరీ సిస్టర్ కూడా అదే చెప్పింది. గుంటూరు వైపు మనిషి, గబగబా మాట్లాడుతుంది. "ఈ మందు చెడ్డ కణాలతో పాటు మంచి తెల్లకణాల్ని కూడా చంపేస్తుందండీ. ఓ పది రోజులు ఆమె ఒంటికి కాపలా ఉండదు. దగ్గర్లోనే గది తీసుకుని ఉంటే మంచిది. ఇంటికే వెళతామంటే, థర్మామీటర్ నూరు దాటిందా, ఇంక ఆలోచించకండి, బయలుదేరండి." అని ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చింది. నా చంకలో పుస్తకం చూసి, "చదువుకున్నవారే కదా, మిగతావన్నీ ఇందులో ఉన్నాయి" అంది.

నాకు ఇంగ్లీషు రాదు. అక్షరాలు కూడబలుక్కోగలను, అంతే. "ఇది తెలుగులో చెప్పు సిస్టర్" అనడానికి ఎంత సేపు పడుతుంది? నేను తల ఊపాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాను.

2011 వానాకాలం

నగరంలో గదులకంటే నా ఇల్లే శుభ్రమని నమ్మి శోభను నారాయణఖేడ్ తీసుకొచ్చాను. ఇల్లంతా కడిగాను. దుప్పట్లు ఉడకబెట్టాను. నీళ్లు కాచి చల్లార్చి, మూతపెట్టి, మూత మీద బరువు పెట్టాను. సూక్ష్మజీవుల గురించి చదివిందంతా గుర్తు చేసుకుని, చివరికి బట్టల మీద గీసే సుద్ద తీసుకుని గడప బండ మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీశాను. నేను తప్ప ఎవరూ దాటకూడదు. నేను కూడా కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కున్నాకే.

ఇలా జాగ్రత్తగా ఉండడం తప్పు కాదు. ఆ గీత మీద నేను పెట్టుకున్న నమ్మకం తప్పు.

మా దగ్గర దవాఖాన నుంచి మనిషి ఇంటికొస్తే చూడ్డానికి రాకపోవడం పెద్ద తప్పు. వచ్చినవాళ్లను వాకిట్లోంచి పంపేయడం అంతకంటే పెద్ద తప్పు. వాడకట్టు వాళ్లు అరటిపళ్లతో వచ్చి గీత చూసి ఆగిపోయారు. "గిదేంది విఠల్, మాకేమన్న అంటురోగమున్నదా?" అని ఒకరు అడిగారు. పుస్తకంలోది చెప్పబోయాను. వినకుండానే వెళ్లిపోయారు.

రెండోరోజు సిర్గాపూర్ నుంచి శోభ అక్క అంజమ్మ వదిన వచ్చింది. ఎనిమిదేళ్ల మా కూతురు స్వప్న అప్పటిదాకా ఆమె దగ్గరే ఉంది. ఒక చేత్తో పిల్ల, ఒక చేతిలో జొన్నరొట్టెల మూట, కొంగున బోరంచ నల్లపోచమ్మ గుడి పసుపు. పిల్ల తల్లిని చూసి రెండు నెలలు దాటింది. పరుగెత్తుకు రాబోతే రెక్క పట్టి ఆపాను.

"జర నొసట బొట్టు పెట్టి పోత" అంది వదిన.

"అందులో క్రిములుంటాయి వదినా. పిల్ల కూడా బడి నుంచి, బస్సు నుంచి వచ్చింది. పది రోజులాగు."

"సొంత అక్కను వాకిట్ల నిలబెడ్తున్నవా విఠల్?"

లోపల మంచం మీద నుంచి శోభ, "పోనియ్యి అక్కా, గాయన జెప్పినట్టు ఇను" అంది. అంటూనే గోడ వైపు తిరిగింది. స్వప్న ఏడవలేదు. గీత దగ్గర కూర్చుని దాని మీద వేలు పెట్టి, సుద్ద అంటిన వేలిని చూసుకుంది.

వదిన సిర్గాపూర్ తిరిగి పోలేదు. మా ఎదురింటి గఫూర్ భాయ్ ఇంటి అరుగు మీద పిల్లను పక్కన పెట్టుకుని కూర్చుంది. గఫూర్ జీపు నడుపుతాడు. ఆయన భార్య ఫాతిమా వాళ్లిద్దరికీ ఇంట్లో చోటిచ్చింది. అక్కడి నుంచి చూస్తే మా తలుపులోంచి శోభ మంచం కాళ్లవైపు సగం కనబడుతుంది. పొద్దునా సాయంత్రం స్వప్న అక్కడి నుంచి చేయి ఊపేది, శోభ పాదం ఊపేది.

ఐదో రోజు బంద్. తెలంగాణ కోసం రోడ్లన్నీ ఆగిపోతున్న కాలం అది. బస్టాండులో ఒక్క బస్సు లేదు. పొద్దున తొమ్మిదికి శోభ, "ఎందుకో ఇగం పెడ్తుంది" అంటూ చలికి దుప్పటి మీదికి లాక్కుంది. థర్మామీటర్ పెట్టాను. నూట ఒకటి.

నాగప్ప మాట గుర్తొచ్చింది. మేరీ సిస్టర్ మాట గుర్తొచ్చింది. వాటికంటే గట్టిగా పుస్తకంలో పేజీ గుర్తొచ్చింది. క్రిములు చేరితే ఎర్రబడుతుంది, వాస్తుంది, చీము పడుతుంది. శోభ చేయి తిప్పి సూది గుచ్చిన చోటు చూశాను. శుభ్రంగా ఉంది. నోరు చూశాను, పాదాలు చూశాను, మెడ తడిమాను. ఎక్కడా ఎరుపు లేదు, చీము లేదు. గీత దాటి ఎవరూ రాలేదు. మరి క్రిమి ఎక్కడి నుంచి వస్తుంది? ఇది మందు వేడి అనుకున్నాను. జ్వరం మాత్ర వేశాను.

గంటన్నరకు తొంభైతొమ్మిదికి దిగింది. నోటుబుక్కులో టైమూ డిగ్రీలూ రాసి కింద గీత కొట్టాను. ఆ అంకె చూసుకుని నేను పొందిన తృప్తిని ఇప్పటికీ మర్చిపోలేను.

పన్నెండు దాటాక ఆమె మళ్లీ దుప్పటి అడిగింది. ఇచ్చాను. ఇంకొకటి అడిగింది. పెదవులు వణుకుతున్నాయి.

"నీ పుస్తకంల ఏం రాసిండ్రయ్యా?"

"చీము లేదు, వాపు లేదు. భయం లేదు."

"నాతోని అయితలేదు" అంది. అని కళ్లు మూసుకుంది.

దవాఖాన పేరు చెబితే నా లెక్క తప్పని ఒప్పుకున్నట్టవుతుందని నాకు అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోస్తుంది. బంద్ కదా, సాయంత్రానికి బస్సులు కదులుతాయి, అప్పటికీ తగ్గకపోతే చూద్దాం అని నాకు నేనే చెప్పుకుని ఇంకో మాత్ర కోసం వెతుకుతున్నాను. అప్పుడు వెనక అడుగుల చప్పుడైంది.

వదిన చెప్పులు వాకిట్లో విడిచి నేరుగా లోపలికొచ్చింది. ఆగమన్నాను. ఆమె వినలేదు. మడమ కింద పడి గీత మధ్యలో చెరిగిపోయింది. దుప్పట్లు తీసి శోభ పాదం పట్టుకుంది, తర్వాత పొట్ట మీద చేయి పెట్టింది.

"కాళ్లు మంచు లెక్కున్నయ్, కడుపు పెంక లెక్క కాల్తుంది. ఇంకెంతసేపు సూస్కుంట కూసుంటవ్?"

"వదినా, పుస్తకంలో..."

"పుస్తకం మూస్తవా, నీ నోరు నన్ను మూయమంటవా? గఫూర్ భాయ్! జీపు తియ్యి!"

గఫూర్ లుంగీ మీదే వచ్చాడు. "బంద్ ఉన్నదని ఫికర్ జేయకుండ్రి. జల్దీ ఎక్కుండ్రి" అన్నాడు. శోభను వెనక సీట్లో పడుకోబెట్టాం. వదిన కొంగు విప్పి ఆమె నొసట పసుపు పెట్టింది. ఈసారి నేనే శోభ తల ఎత్తి పట్టుకున్నాను. మిగిలింది జీపు ముందు రాస్తుంటే, గఫూర్, "బ్రేకుకు గూడ జర రాయి అక్కా. దానికే సోయి లేదు" అన్నాడు. ఫాతిమా పక్కన నిలబడిన స్వప్న చేయి ఊపింది. శోభ పాదం కదలలేదు.

అప్పటికి రెండు. దారిలో మేరీ సిస్టర్‌కు ఫోన్ చేశాను.

"జ్వరం ఎప్పటి నుంచండీ?"

"ఇప్పుడే" అన్నాను.

నా జన్మలో ఆడిన అబద్ధాల్లో అంత చిన్నదీ లేదు, అంత పాపిష్టిదీ లేదు. వదిన వెనక నుంచి చేయి చాపి ఫోన్ లాక్కుంది. "పొద్దుగాల తొమ్మిదికెళ్లి సిస్టరమ్మా. నేను ఎదురింట్లకెళ్లి సూస్తనే ఉన్న. మాత్ర గూడ మింగిచ్చిండు. నా చెల్లె కండ్లు తెరుస్తలేదు."

అవతల నుంచి సిస్టర్ గొంతు మారింది. డ్యూటీ డాక్టరమ్మకు ఇచ్చింది. హైదరాబాద్ దాకా ఆగొద్దని, దారిలో వచ్చే దవాఖానలో మొదటి ఇంజెక్షన్, సెలైన్ పెట్టించుకుని కదలాలని, అక్కడి డాక్టరుతో తానే మాట్లాడతానని ఆమె చెప్పింది.

జోగిపేట చేరకముందే రోడ్డుకు అడ్డంగా రాళ్లు, రాళ్ల మధ్య పొయ్యిలు. బంద్ కోసం నడిరోడ్డు మీదే అన్నం వండుతున్నారు. వందమంది దాకా ఉన్నారు. గఫూర్ హారన్ కొట్టలేదు. దిగి, చేతులు జోడించి, జీపు వెనక చూపించాడు. ఒకాయన లోపలికి తొంగిచూసి వెనక్కి తిరిగి అరిచాడు, "ఆడబిడ్డకు బాగలేదు, పొయ్యి జరుపుండ్రి!" ఉడుకుతున్న గుండిగను నలుగురు గుడ్డలతో పట్టుకుని పక్కకు మోశారు. కాలే రాళ్లను కర్రలతో నెట్టారు. నినాదాలు ఆగిపోయాయి. మేము దాటిపోయేదాకా అంతమంది నిశ్శబ్దంగా నిలబడ్డారు. ఆ నిశ్శబ్దమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

జోగిపేట దవాఖానలో మొదటి ఇంజెక్షన్ పడింది. అక్కడి నుంచి హైదరాబాద్ దాకా వదిన సీటు అంచున ఒంగి నిలబడి, జీపు పైకప్పుకు తల తగులుతుంటే, సెలైన్ సీసాను చేత్తో ఎత్తి పట్టుకుని వచ్చింది. చేయి మార్చుకో అన్నాను. నా వైపు చూడలేదు.

తొమ్మిది రోజులు

లోపలికి తీసుకెళ్లేటప్పుడు శోభ బీపీ ఎంతో సిస్టర్ పైకి చెప్పింది. డాక్టరమ్మ ఇంకోసారి చూడమంది. రెండోసారి చెప్పలేదు, కాగితం మీద రాసి చూపించింది. తలుపు మూసుకుంది.

మళ్లీ అదే హాలు. అద్దం తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేను సగం లేచేవాణ్ణి. మూడోరోజు నాగప్ప కోసం వార్డులోకి తొంగిచూశాను. ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. మెట్ల దగ్గర ఆయన భార్య మల్లమ్మ సంచి సర్దుకుంటూ కనిపించింది. ఊళ్లో జ్వరం వచ్చిందట. పొద్దుగూకింది, తెల్లారి పోదామనుకున్నారట. తెల్లారి బయలుదేరారట. అంతే చెప్పింది. నేను అడక్కుండానే, "అందరికీ చెప్పినోడు, ఆయనే కూసున్నడు" అని సంచి ముడి వేసింది.

ఆ మాట విన్నాక నాలుగు మడతల కాగితం జేబులోంచి తీశాను. మేరీ సిస్టర్ దగ్గరికెళ్లి, "నాకు ఇంగ్లీషు రాదు. చదివి చెప్పు" అన్నాను. ఆమె డ్యూటీ దిగాక నా పక్కన బెంచీ మీద కూర్చుని ఒక్కో వాక్యం చెప్పింది. మూడో వాక్యం ఇది: మమ్మల్ని అడగకుండా జ్వరం మాత్ర ఇవ్వకూడదు, జ్వరాన్ని అది దాచేస్తుంది. కింద గీత కూడా కొట్టి ఉంది.

"చీము ఎక్కడా లేదు సిస్టర్. అంతా చూశాను" అన్నాను.

"చీము అవ్వాలంటే తెల్లకణాలు ఉండాలి కదండీ. ఆమెకు లేవు. ఎరుపూ రాదు, వాపూ రాదు. ఆమె ఒంటికి చెప్పుకోవడానికి మిగిలింది జ్వరం ఒక్కటే."

"ఇంట్లోకి ఎవర్నీ రానివ్వలేదు. గీత గీశాను."

"రక్తంలో దొరికిన క్రిమి బయటిది కాదండీ. మనందరి కడుపులో ఉండేదే. కాపలా లేనప్పుడు పేగు దాటి నెత్తుట్లోకి వచ్చేసింది. మీరు గీత గీసేటప్పటికే అది లోపల ఉంది."

హాల్లో ఎవరి పేరో పిలిచారు. నేను లేవలేదు.

ఏడో రోజు శోభ కళ్లు తెరిచింది. తొమ్మిదో రోజు నన్ను దగ్గరికి రానిచ్చారు. గొంతు గరగరమంటోంది.

"నోటుబుక్కుల ఏం రాసినవ్? నేను పోయిన అని రాయలే గద?"

"లేదు" అన్నాను.

"పిల్లను తోల్కరా" అంది.

2012, 2013, ఇప్పుడు

మందు ఇంకా చాలాసార్లు ఎక్కించారు. జ్వరం మరో రెండుసార్లు వచ్చింది. తలుపు పక్కన సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. పావుగంటలో జీపులో ఉన్నాం. రెండోసారి పొయ్యి మీద పాలు పొంగుతుంటే అలాగే వదిలేసి వెళ్లాం. ఏ పుస్తకమూ తెరవలేదు.

చదవడం మానలేదు నేను. రోజూ గ్రంథాలయానికి వెళుతున్నాను. చదివిన దానికీ, తెలిసిన దానికీ మధ్య అడగడం అనేది ఒకటి ఉందని మాత్రం నేర్చుకున్నాను. మేరీ సిస్టర్ చెప్పిన వాక్యాలన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, కొత్త మనుషులకు ఇమ్మని ఆమెకు ఒక కట్ట ఇచ్చాను. ఒక కాగితం మా గ్రంథాలయంలో తలుపు పక్కన ఉంది.

శోభ మళ్లీ హుక్కులు కుడుతోంది. మందు ఆగింది. జుట్టు వంకీలు తిరిగి వచ్చింది. తిరగబెట్టే జబ్బు ఇది, తిరగబెట్టదని ఎవరూ మాట ఇవ్వలేదు. ఆమె దగ్గితే నా కాలి కింద మిషన్ ఆగిపోతుంది. థర్మామీటర్ కత్తెర పక్కనే ఉంటుంది. ఇది రాస్తుండగా కూడా ఒకసారి లేచి వెళ్లి, నిద్రపోతున్న ఆమె మెడ కింద చేయి పెట్టి చూసి వచ్చాను.

ఇక నేను దండం పెట్టవలసినవాళ్లు. నా అబద్ధాన్ని మళ్లీ ఎప్పుడూ ఎత్తని మేరీ సిస్టర్. ఫోన్‌లోనే దారి చూపించిన డాక్టరమ్మ. బ్రేకు సరిగా లేని జీపులో మమ్మల్ని గమ్యం చేర్చిన గఫూర్ భాయ్, తొమ్మిది రోజులు నా కూతురికి తల దువ్వి బడికి పంపిన ఫాతిమా. దుకాణాలు మూసి వచ్చి రక్తమిచ్చిన నా తోటి దర్జీలు నర్సింలు, ఖాజా, సంగప్ప. కాగితాన్ని తలుపు పక్కన అంటించిన గ్రంథాలయం లక్ష్మణ్. పేర్లు తెలియవు కానీ, ఉడుకుతున్న అన్నాన్ని పక్కకు మోసిన ఆ రోడ్డు మీది నలుగురు. మల్లమ్మ. నాగప్ప. ఆయనకు వినబడకపోయినా చెబుతున్నాను, అన్నా, మేం కూర్చోవడం లేదు.

చివర అంజమ్మ వదిన. ఇప్పుడు కూడా నెలకోసారి సిర్గాపూర్ నుంచి రొట్టెల మూటతో వస్తుంది. గడప బండ మీద సుద్ద ఎప్పుడో పోయింది. అయినా చెప్పులు విడిచి, సరిగ్గా ఆ గీత ఉన్నచోట ఆగి, లోపలికి వినబడేలా అడుగుతుంది.

"రావొచ్చునా, డాక్టర్ సాబ్?"

శోభ నవ్వుతుంది, స్వప్న నవ్వుతుంది. నేను మిషన్ మీద నుంచి లేచి, గడప దాకా వెళ్లి, ఆమె చేతిలో మూట అందుకుంటాను.